నేను వేయని పొర

బద్వేలు,
8 సెప్టెంబరు 2024

అమ్మా సాహితీ,

మీ ఓబులేసు మామ రాస్తున్నాను. నేనూ మీ రమణత్తా బాగున్నాం. మొన్న నువ్వు ఫోన్లో అరగంట మాట్లాడావు. అందులో నాకు వినిపించినవి మూడే మాటలు: మామా, మెషీను, అన్నం. మిగతాదంతా గాలికి పోయింది. ఎడమ చెవి ఎప్పుడో సెలవు పెట్టింది, ఇప్పుడు కుడి చెవి కూడా దాని దారే పడుతోంది. అందుకని ఇకమీద ఉత్తరం రాయి తల్లీ. కాగితం మీద ఉన్నదానికి చెవితో పనిలేదు, బాగుంటే రెండోసారి కూడా చదువుకోవచ్చు.

ఇంతగా ఎందుకు అడుగుతున్నానంటే, మా ఆస్పత్రిలో నా పరువు పోయింది. ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద కూర్చున్న వాళ్ళందరికీ నీ గురించి చెప్పడం నాకు అలవాటు కదా. ‘‘మా అక్క కూతురు హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తాండాది. ఆ పాప కూడా ఎక్స్‌రేలే, నా మెషీను కంటే శానా పెద్దది’’ అంటాను. నిన్న మోకాలు పట్టుకుని వచ్చిన ఈరక్క, ‘‘యా ఆస్పత్రిలో సామీ? మా కోడలికి నడుము తీపించాల’’ అంది. మనుషులకు తీయదు, ఇనుముకు తీస్తుందన్నాను. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ‘‘ఇనుముకేం నొప్పప్పా?’’ అంది. మా ఆంబులెన్సు డ్రైవరు దాదా ఖలందర్ పడీ పడీ నవ్వాడు. ‘‘చెప్పన్నా, ఇనుముకేం నొప్పో చెప్పు’’ అని సాయంత్రం దాకా వెంటపడ్డాడు. నాకు తెలిస్తే కదా!

నువ్వు చేసేదేమిటో నాకు అర్థమయ్యేలా రాయి. మీ గైడు మేడంకు చెప్పినట్టు రాశావంటే తన్నులే.

దసరాకు వస్తావు కదా?

నీ గొప్పలు చెప్పుకుని బతికే,
మామ

*

హైదరాబాదు,
15 సెప్టెంబరు 2024

మామా,

ఈరక్కకు చెప్పు, ఇనుముకు నొప్పి కాదు, కడుపుబ్బరం. ఎగతాళికి అనడం లేదు, నా పరిశోధనంతా అదే.

గోరంత పలక మీద నేను లోహాన్ని పొరలు పొరలుగా పూస్తాను. ఒక పొర ఇనుము, దాని మీద వనేడియం అని ఇంకో లోహం, మళ్ళీ ఇనుము, మళ్ళీ వనేడియం. రమణత్త ఓళిగలు చేసి ఒకదాని మీద ఒకటి పేరుస్తుందే, అట్లా. కాకపోతే నా దొంతరంతా కలిపినా తల వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ. అన్నిటికంటే పైన పల్లాడియం అనే లోహంతో ఒక తొడుగు. అది నా దొంతరకు తలుపు. హైడ్రోజన్ గ్యాసు వదిలితే ఆ తలుపు గుండా లోపలికి దూరి, వనేడియం పొరల్లో చేరి కూర్చుంటుంది. నానబెట్టిన శనగల్లాగా పొర ఉబ్బుతుంది.

తమాషా ఏమిటంటే హైడ్రోజన్ ఎక్స్‌రేకి కనిపించదు. నీకు తెలియనిదా, ఎముక కనిపిస్తుంది, మెత్తటిది కనిపించదు. ఇది మెత్తటివాటిలోకెల్లా మెత్తటిది. మరి లోపలికి పోయిందని ఎట్లా తెలుస్తుంది? బద్వేలు-కడప బస్సులో ముగ్గురి సీట్లో నాలుగో మనిషి ఇరుక్కుంటే, చివర కూర్చున్నవాడు సగం బయటికొచ్చి వేలాడుతుంటాడు చూడు. నాలుగో మనిషి నీకు కనిపించనక్కర్లేదు, వేలాడేవాణ్ణి చూస్తే చాలు. నా ఎక్స్‌రే కొలిచేది అదే, పొర ఎంత జరిగిందని. రేపు హైడ్రోజన్‌తో బండ్లు నడపాలంటే దాన్ని ఎక్కడో దాచాలి. సిలిండర్లో కుక్కడం కంటే లోహంలో దాచడం మేలు. అందుకే ఈ తిప్పలన్నీ.

ఇక అసలు బాధ. పోయినేడు ఇండోర్‌లో పెద్ద మెషీను మీద చూస్తే పొరలు ఉబ్బాయి. ఎగిరి గంతేసి వచ్చి సెమినార్లో చూపించాను. ఒక పెద్దాయన లేచి, ‘‘అమ్మాయ్, ఉబ్బింది హైడ్రోజన్‌తోనా, నీ కిరణాల వేడితోనా?’’ అన్నాడు. వేరే గ్యాసు నింపి పోల్చి చూశానన్నాను. ‘‘వేడిని మోయడంలో ఆ గ్యాసు తీరు వేరు, దీని తీరు వేరు. ఇదే గ్యాసు, ఇదే ముక్క పెట్టి, తలుపొక్కటి మూసి చూపించు. అప్పుడు ఉబ్బకపోతే నమ్ముతా’’ అన్నాడు. పూసేసిన తలుపును ఎట్లా మూయను? నవంబరులో ఒక విడత, డిసెంబరులో ఒక విడత మళ్ళీ మెషీను ఇస్తామన్నారు. ఈసారీ తేలకపోతే ఈ పని వదిలేసి వేరేది పట్టుకోమని మేడం చెప్పేసింది. మూడేళ్ళ కష్టం గంగపాలే.

ఒక సాయం చెయ్యాలి. దసరా సెలవుల్లో మా హాస్టలుకూ ల్యాబుకూ రంగులు వేస్తారట. ఆ వాసన నేను పూత వేసిన ముక్కలకు పడదు. మీ ఎక్స్‌రే గదిలో ఏసీ ఉంది, దుమ్ము లేదు, తాళం ఉంది. రెండు ముక్కలున్న చిన్న పెట్టె తెచ్చి నీకిస్తాను. నేను మైదుకూరులో అమ్మ దగ్గర ఉండి వచ్చేదాకా నీ బీరువాలో పెట్టు. చెయ్యి మాత్రం తగలనివ్వకు. వేలిముద్ర పడినా చాలు, పని చెడుతుంది.

నీ మేనకోడలు,
సాహితి

*

బద్వేలు,
21 అక్టోబరు 2024

అమ్మా సాహితీ,

సెలవులయ్యాక నా దగ్గర ఆ పెట్టె తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కావు. పక్క సీటావిడ, ‘‘ఏముండాది పాపా అందులో, బంగారమా?’’ అంటే, ‘‘ఇనుమే అవ్వా’’ అన్నావు. ఆమె ముఖం చూడాల్సింది. నేను బస్సు కిటికీ కిందే నిలబడి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఈరక్కకు కడుపుబ్బరం సంగతి చెప్పాను. ‘‘అట్లయితే వాము నమలమను’’ అంది. దాదా ఖలందర్‌కు బస్సు సీటు కథ బాగా పట్టింది. ఇప్పుడు ఆంబులెన్సులో పేషెంటు పక్కన నలుగురు చుట్టాలు ఎక్కితే, ‘‘హైడ్రోజన్ దిగాల, దిగాల’’ అంటున్నాడు.

మీ రమణత్తకు మాత్రం హైడ్రోజన్ అనగానే బాంబు గుర్తొచ్చింది. టీవీలో చూసిందట. ‘‘పిల్లను అట్లాంటి దాంట్లో పెడితే మీ అక్క ఎట్లా ఊరకుండాది?’’ అని నా మీద లేచింది. బాంబు కాదే, బండ్లు నడిపేదంటే వినదు. నువ్వు క్షేమంగా పని ముగిస్తే అహోబిలం మెట్లెక్కుతానని మొక్కుకుంది. ఆమె మోకాళ్ళ ఎక్స్‌రే తీసినవాణ్ణి నేనే, ఆమె ఎట్లా ఎక్కుతుందో నరసింహస్వామికే తెలియాలి.

నాకున్న భయం వేరే. అక్కడ బ్యాడ్జీ పెట్టుకుంటావా? ఒంటికి తగిలిన కిరణాల లెక్క చెప్పే బ్యాడ్జీ. నేను ఒక్కనాడూ అది లేకుండా గదిలోకి పోలేదు. నువ్వు మరిచిపోయే రకం.

పెట్టె సంగతి చెప్పాలి కదా. నువ్వు వచ్చేదాకా బీరువాలో పెట్టి తాళం వేశాను, తాళంచెవి నా మొలతాడుకే ఉండింది. డాక్టరుగారు ఏదో కావాలని బీరువా తెరవబోతే, ‘‘సార్, ఆగండి’’ అని అడ్డం పడ్డాను. నీ ముక్కలకు నా చెయ్యి తగల్లేదు, ఒట్టు.

వెళ్ళి గెలిచి రా.

మామ

*

ఇండోర్,
14 నవంబరు 2024

మామా,

బ్యాడ్జీ పెట్టుకున్నాను. ముందు అది రాస్తే గానీ నువ్వు మిగతాది చదవవు.

ఈ మెషీను నువ్వు చూసి తీరాలి. గుండ్రటి పెద్ద హాలు, చుట్టూ నడిచి వచ్చేసరికి కాళ్ళు పీకుతాయి. మధ్యలో వలయాకారపు గొట్టంలో ఎలక్ట్రాన్లు గిర్రున తిరుగుతుంటాయి, మలుపు తిరిగిన ప్రతిచోటా ఎక్స్‌రేలు చిమ్ముతాయి. గొట్టం చుట్టూ ఒక్కో మలుపు దగ్గర ఒక్కో పరిశోధన. ఒకరు మందు గోళీలు చూస్తుంటారు, ఒకరు పాత నాణేలు. మొదటిరోజు నేను పని మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాను. నువ్వుంటే అక్కడి పెద్ద పెద్ద సైంటిస్టులకు కూడా ‘ఊపిరి బిగబట్టండి’ అని చెప్పేవాడివి.

ఇంతకుమించి రాయాలంటే చెయ్యి రావడం లేదు. కానీ రాయాలి. ముక్క ఉబ్బలేదు మామా.

చిన్న గదిలో పెట్టి, గాలి తోడేసి, హైడ్రోజన్ నింపాను. పోయినేడు ఎంత వదిలానో అంతే, అంతసేపే. పొర కదల్లేదు. మెషీను తప్పేమోనని మళ్ళీ సరిచూసుకుని రెండో ముక్క పెట్టాను. అదీ అంతే. చచ్చిన పాములా పడి ఉంది. పక్కనున్న తమిళబ్బాయి ఇడ్లీ పొట్లం తెచ్చి పెట్టాడు, ముట్టలేకపోయాను.

పైగా ఇంకో వింత. కిరణాల లెక్క వేసి చూస్తే నా దొంతర మీద ఇంకో పొర ఉన్నట్టు తేలింది. చాలా పలుచన, కంటికి కనిపించదు. ఇనుము కాదు, వనేడియం కాదు, పల్లాడియం కాదు. నేను వేయని పొర. రెండు ముక్కల మీదా ఉంది. ఎక్కడినుంచి వచ్చింది? మేడంకు ఫోన్ చేసి చెప్పాను. ‘‘నువ్వు పూత వేసే గదే శుభ్రంగా లేదేమో సాహితీ. అదే నిజమైతే పోయినేడు చూసింది కూడా నమ్మలేం’’ అంది. ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమంది. ఈ పని వదిలేస్తున్నానని ఆమెకు కాగితం రాసి పెట్టుకున్నాను. డిసెంబరు విడత వేరేవాళ్ళకు ఇచ్చేస్తే వాళ్ళకన్నా ఉపయోగపడుతుంది. ఆ పూతలు నా చేతులతో వేశాను మామా, గది కడిగింది నేనే, తుడిచింది నేనే. నా శుభ్రమే శుభ్రం కాదంటే ఇంక నాకేం మిగిలింది?

విడత అయిపోయింది, రేపు హైదరాబాదు బయలుదేరుతున్నాను. జవాబు అక్కడికే రాయి.

సాహితి

*

బద్వేలు,
19 నవంబరు 2024

నా తల్లీ,

నీ ఉత్తరం చదివి మధ్యాహ్నం అన్నం సయించలేదు. మీ అత్త ‘‘ఏమైంది?’’ అంటే ఏమీ లేదన్నాను.

నీ చేతిపనిలో మురికి ఉంటుందా? ఎవరు చెప్పినా నేను నమ్మను. మీ మేడం శానా చదువుకున్నది కావచ్చు, నిన్ను పెంచింది ఆమె కాదు. చిన్నప్పుడు మా ఇంటికొస్తే కడిగిన గ్లాసునే మళ్ళీ కడుక్కుని తాగేదానివి. మీ అత్త ‘‘మా ఇంట్లో నీళ్ళకు కూడా పాచి పట్టిందా ఏమి?’’ అని అలిగేది. అట్లాంటిదానివి నువ్వు. ఆ పొర ఏదో మెషీను పిచ్చి. నా మెషీను కూడా ఒక్కోసారి లేని గీత చూపించి మనుషుల ఎముక విరగ్గొడుతుంది. మళ్ళీ తీస్తే ఉండదు.

ఇంకో ధైర్యం చెప్తాను విను. నీ పని అయ్యాక చెప్దామని దాచుకున్న మాట. ఆయుధపూజనాడు నీ ముక్కలకు కూడా పూజ చేశాను!

ఏటేటా మా గదిలో పూజ ఎట్లా జరుగుతుందో నీకు తెలుసు. మెషీను కడిగి, పట్టాలకు నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతాం. సీసం కోటుకు కూడా బొట్టు పెడతాను. గదిలో ఉన్న పనిముట్టు దేన్నీ వదలకూడదు, వదిలితే అది ఏడాదంతా అలిగి కూర్చుంటుంది. మరి నీ ముక్కలు నా బీరువాలో ఉన్నాయి. అన్నిటికీ చేసి, నా కోడలుపిల్ల బతుకుతెరువుకు చేయకపోతే ఎట్లా?

చెయ్యి తగలనివ్వద్దన్నావు, తగలనివ్వలేదు. కొత్త తెల్లగుడ్డ కొనుక్కొచ్చి, దానికి ఒక్క చుక్క నూనె అద్ది, పైపైన రాశాను, తుప్పు పట్టకుండా. ఇనుమే కదా! ఇంకో పొడి గుడ్డతో మరక కనపడకుండా తుడిచాను. పాతకాలంలో ఎక్స్‌రే ఫిల్ము పెట్టే క్యాసెట్ల అద్దాలు తుడిచిన చెయ్యి ఇది, వెలుతురుకు పట్టి చూసినా చార కనిపించలేదు. కుంకుమ పెట్టె మూతకే పెట్టి, నువ్వు తిడతావని మళ్ళీ తుడిచేశాను. దండం పెట్టుకుని, ‘‘స్వామీ, మా పాప పని నిలబెట్టు’’ అన్నాను.

ఇంత పూజ జరిగిన ముక్కలు నిన్ను మోసం చేయవు. ఆ కాగితం మేడంకు ఇవ్వొద్దు. దిగులుపడకుండా అన్నం తిను.

మామ

*

హైదరాబాదు,
25 నవంబరు 2024

మామా! మామా! మామా!

ఏ నూనె? కొబ్బరినూనా, నువ్వుల నూనా, మెషీను నూనా? రెండు ముక్కలకూ రాశావా? ఏమైనా వేడి చేశావా, కర్పూరం ముందు తిప్పావా? గుడ్డకు గంజి ఉందా? రమణత్తకు ఫోన్ చేస్తే ‘‘పూజ సంగతి నాకేం తెలుసమ్మీ, మీ మామనే అడుగు’’ అంటుంది. వెంటనే రాయి, స్పీడ్ పోస్టులో పంపు.

మేడంకు రాసిన కాగితం చింపేశాను. నీ ఉత్తరం ల్యాబులో చదివి పెద్దగా కేక పెట్టాను, నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. మేడం పరిగెత్తుకొచ్చి చదివించుకుంది. ఆమె కూడా నవ్వింది, ఆమె నవ్వడం నేను చూడడం ఇదే మొదలు. నీకు కోటి దండాలు. డిసెంబరు విడతకు పోతున్నాను. వివరమంతా తరువాత.

సాహితి

*

బద్వేలు,
29 నవంబరు 2024

బంగారుతల్లీ,

నేను చెప్పలేదా! పూజ ఊరికే పోతుందా!

నువ్వుల నూనె. దాదా ఖలందర్ బావమరిది గానుగలో ఆడించింది, కల్తీ లేనిది. రెండు ముక్కలకూ రాశాను, పై వైపు మాత్రమే. వేడి చేయలేదు, కర్పూరం దూరంగా వెలిగించాను. గుడ్డను ముందురోజే ఉతికి ఆరేశాను, గంజి పోయింది. ఇన్ని ప్రశ్నలు మా డాక్టరు కూడా పేషెంటును అడగడు.

నా నూనెతోనే నీ పని గట్టెక్కిందని ఆస్పత్రి అంతా చెప్పాను. అందరికీ మైసూర్‌పాక్ పంచాను. ఈరక్క మోకాలికి కట్టు కట్టించుకోను వచ్చి, తనకూ ఆ నూనె కావాలంది. దాదా ఖలందర్, ‘‘సైన్సుకు మా గానుగ నూనె పనికొచ్చిందన్నా, మా బావమరిదికి చెప్తే నేల మీద నిలబడడు’’ అంటున్నాడు. ఒక సీసా నిండా పోసి నీకు పార్శిలు చేస్తున్నాడు. డిసెంబరు విడతకు పోయేముందు ఇంకోసారి దండిగా రాసుకో.

గర్వంతో చొక్కా గుండీలు పట్టడం లేదు.

మామ

*

ఇండోర్,
17 డిసెంబరు 2024

మామా,

సీసా అందింది. హాస్టల్లో అమ్మాయిలందరం తలకు రాసుకున్నాం. ముక్కలకు రాయలేదు.

నిన్ను నొప్పించకుండా ఎట్లా చెప్పాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. ఇక ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. నవంబరులో నేను చూసిన ఆ దొంగ పొర నీ నూనె. నువ్వు ఎంత తుడిచినా కంటికి కనపడనంత మిగిలింది. అది తలుపుకు అడ్డం పడింది, హైడ్రోజన్ లోపలికి పోలేదు. నా పూత గది శుభ్రంగానే ఉంది. నా చేతుల్లో తప్పు లేదు. నీ ఉత్తరం రాకపోతే నేను ఆ కాగితం ఇచ్చేసేదాన్ని, ఈ పని అక్కడితో పోయేది. అందుకే నీకు కోటి దండాలన్నాను.

ఇప్పుడు అసలైనది విను. ఆ నూనెను జాగ్రత్తగా కడిగి, అవే రెండు ముక్కలు మళ్ళీ పెట్టాను. అదే గ్యాసు, అవే కిరణాలు. చూస్తుండగానే పొర జరిగింది మామా! తెరమీద గీత మెల్లగా పక్కకు ఒరుగుతుంటే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గ్యాసు తోడేస్తే మళ్ళీ మొదటి చోటికి వచ్చి కూర్చుంది. మళ్ళీ వదిలితే మళ్ళీ ఉబ్బింది. తమిళబ్బాయి చప్పట్లు కొట్టాడు. ఆరోజు ఇడ్లీలు నేను కొనిపెట్టాను.

తలుపొక్కటి మూసి చూపించమన్న పెద్దాయన గుర్తున్నాడా? ఆ తలుపు నువ్వే మూశావు. నూనె ఉన్నప్పుడు అదే వేడి తగిలింది, అయినా ఉబ్బలేదు. నూనె తీస్తే ఉబ్బింది. అంటే ఉబ్బించింది వేడి కాదు, హైడ్రోజనే. మూడేళ్ళుగా నాకు తట్టని ఉపాయం ఇది. పొరపాటున జరిగితే జరిగింది, నా పని నిలబడింది. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోవద్దు.

నీ
సాహితి

*

బద్వేలు,
30 జనవరి 2025

అమ్మా సాహితీ,

ఇన్నాళ్ళూ రాయలేదని కోపగించుకోకు. ముఖం చెల్లలేదు.

నీ ఉత్తరంలో మొదటి సగమే నాకు పదేపదే కనిపిస్తోంది. ఎక్స్‌రే తీసేటప్పుడు కదిలినవాణ్ణి ఎన్ని తిట్లు తిట్టాను! మెడలో గొలుసు తీయకుండా పడుకున్న ముసలమ్మలను కూడా వదల్లేదు. ‘‘చెప్పినమాట వినకపోతే నేనేం చేసేది?’’ అని అరిచేవాణ్ణి. నువ్వు చెప్పిన ఒక్క మాట నేను వినలేదు. చెయ్యి తగలొద్దంటే గుడ్డ తగలొచ్చునని నా తెలివి! నవంబరులో నువ్వు అన్నం మానేసి కుమిలిపోయింది నా మూలాన. పైగా నేనే నీకు ధైర్యం చెప్తూ ఉత్తరం రాశాను చూడు, అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నా.

ఆస్పత్రిలో అందరికీ నిజం చెప్పాను. పంచిన మైసూర్‌పాక్ వెనక్కి అడగలేను కదా, అందుకే చెప్పడానికి ఇన్ని రోజులు పట్టింది. ఎవరూ నవ్వలేదు. దాదా ఖలందర్ కూడా నవ్వలేదు. ‘‘పోనీలే అన్నా, ప్రేమతో చేసినావు’’ అన్నాడు. వాడు నవ్వి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

తలుపు మూశావు, ఉపాయం ఇచ్చావు అని నువ్వు రాసిందంతా నా కోసం రాశావని తెలుసు. చిన్నప్పుడు నేను కొనిచ్చిన గౌను పొట్టిదైతే, ‘‘ఇట్లాగే బాగుంది మామా, పరిగెత్తడానికి’’ అన్నావు. ఇది కూడా అంతే. నీకు మంచి మనసుంది. నన్ను సముదాయించడానికి ఇంత పెద్ద సైన్సు అక్కర్లేదమ్మా.

నీ పని గట్టెక్కింది, అది చాలు. నువ్వు గొప్పదానివి, నా వంటి మామ ఉండి కూడా గెలిచావు. రమణత్త అహోబిలం పోయి వచ్చింది, సగం దూరం డోలీలో. ఈసారి దసరాకు రా. పెట్టె మాత్రం నా గదికి తేవద్దు.

మీ ఓబులేసు మామ

*

హైదరాబాదు,
10 సెప్టెంబరు 2025

మామా,

ఈ ఏడు నెలల్లో నువ్వు రాసిన ప్రతి ఉత్తరంలోనూ వానల గురించి, ఉల్లి ధర గురించి, రమణత్త మోకాళ్ళ గురించి రాశావు. నా పని గురించి ఒక్క ముక్క అడగలేదు. నేను ఎన్నిసార్లు ఎత్తినా నువ్వు వానల్లోకే పోయావు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు కూడా నా సంగతి చెప్పడం మానేశావట, దాదా ఖలందర్ చెప్పాడు. ‘‘ఓబులేసన్న మెషీను ఆన్ చేస్తాడు, ఆఫ్ చేస్తాడు, అంతే పాపా’’ అన్నాడు. ఆరోజు నాకు నిద్ర పట్టలేదు. నువ్వు నా గొప్పలు చెప్పకపోతే నేను చేసేదాన్ని వినేవాళ్ళెవరు?

సముదాయించడానికి రాశానన్నావు కదా. అయితే ఇది చదువు. నా ఫలితాలు ఒక పెద్ద పత్రికకు పంపాం. అచ్చువేసే ముందు వాళ్ళు ఎవరెవరికో ఇచ్చి తప్పులు వెతికిస్తారు. నువ్వెవరో, నేనెవరో వాళ్ళకు తెలియదు, నన్ను ఓదార్చవలసిన అవసరం అంతకన్నా లేదు. వాళ్ళలో ఒకాయన ఇట్లా రాశాడు: ‘ఈ పరిశోధన మొత్తంలో అన్నిటికంటే బలమైన రుజువు నూనె పూసిన ముక్క. కానీ అది ఒక్కసారే, అనుకోకుండా జరిగింది. కొత్త ముక్కల మీద మళ్ళీ చేసి చూపించండి. అదే నూనె, అదే పద్ధతి.’

చూశావా? మూడేళ్ళు నేను చేసినవాటి మీద కాదు, నువ్వు ఒక్క పూట చేసినదాని మీద నిలబడి ఉంది నా పని. అది మళ్ళీ జరగకపోతే వాళ్ళు అచ్చువేయరు.

నేను ప్రయత్నించాను. నీ సీసాలో నూనె అయిపోతే దాదా ఖలందర్ ఇంకోటి పంపాడు, నీకు చెప్పొద్దని నేనే అన్నాను. ఒక ముక్క మీద మందం ఎక్కువైంది, ఒక ముక్క మీద చారలు పడ్డాయి. మేడం చూసి, ‘‘మొదటిసారి ఎవరు రాశారో వాళ్ళనే అడగొచ్చు కదా, అదే పద్ధతి అంటే అదే కదా’’ అంది.

కాబట్టి నేను వస్తున్నాను. పెట్టె తెస్తున్నాను. కొత్త ముక్కలు నాలుగున్నాయి. రెండింటికి నువ్వు రాయాలి, రెండు ఊరికే ఉండాలి. అదే గుడ్డ ఉంటే తియ్యి, లేకపోతే అట్లాంటిదే కొని ముందురోజే ఉతికి ఆరెయ్యి. సీసం కోటుకు బొట్టు పెట్టు, గుమ్మడికాయ కొట్టు, ఏదీ తగ్గించొద్దు. చెయ్యి మాత్రం తగలనివ్వకు.

ఈసారి మైదుకూరు తరువాత పోతాను. ఆయుధపూజ అక్టోబరు ఒకటిన. నేను నీ గదిలో, నీ పక్కనే నిలబడి ఉంటాను.

నీ
సాహితి